చలపతి ఊరుకున్న పాట

చలపతి చివరగా చేసిన పని కరివేపాకు కుండీని గరాజులోకి లాగడం.

జూన్‌లో ఒక శనివారం సాయంత్రం అది. రాత్రికి మంచు పేరుకుంటుందని ఫోన్‌లో చూశాడు. మెల్‌బోర్న్ శివార్లలోని పాయింట్ కుక్‌లో కరివేపాకు మొక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ చలికాలం జరిగే పనే. కుండీ కింద చక్రాల పీట ఉంది. దాన్ని లాగుతూ, "పద పద, లోపల పక్కేశాను" అని కుండీతో అన్నాడు. వంటింట్లోకి వచ్చి, కుండీ లోపల పెట్టానని భార్య శ్యామసుందరితో అన్నాడు. మళ్ళీ బయటికి వెళ్ళి, కంచె మీదుగా పక్కింటి షెన్‌తో కూడా ఆ మాటే చెప్పాడు. ఆమెకు కరివేపాకు మొక్క లేదు. అయినా చెప్పాడు. తర్వాత వచ్చి సోఫాలో కూర్చుని, టీ అడిగి, టీ వచ్చేలోగా పోయాడు.

అంబులెన్సులో వచ్చిన అమ్మాయి చేయవలసినవన్నీ చేశాక, ఆయన చివరగా ఏమైనా అన్నారా అని అడిగింది. టీ అడిగారని శ్యామసుందరి చెప్పింది. పంచదార తగ్గించమని కూడా అన్నాడు గానీ, అది చెప్పవలసినంత సంగతిలా ఆమెకు తోచలేదు.

గుండె అన్నారు. అరవై నిండలేదు. సిటీలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చూసేవాడు. అంటే ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, వాటి గురించి మీటింగుల్లో మాట్లాడటం. రెండో సగం అతనికి బాగా వచ్చు. రైల్లో పక్క సీటు మనిషితో మాట్లాడేవాడు, పెట్రోలు పోసుకుంటూ పంపుతో మాట్లాడేవాడు. అలాంటి మనిషి చడీచప్పుడూ లేకుండా పోయాడన్న సంగతి చావు కబురుకన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచింది తెలిసినవాళ్ళని.

చలపతిది తెనాలి పక్కన ఒక ఊరు. తండ్రి శేషాచలం పగలు రైసు మిల్లులో గుమాస్తా, రాత్రి నాటకాల్లో కృష్ణుడు. కొడుక్కి తండ్రి గొంతు వచ్చింది. కిరీటం రాలేదు. రంగస్థలం మీద పద్యం పాడటం గురించి తెలియనివాళ్ళ కోసం ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పద్యం నాలుగు పాదాలే. అర్థం చప్పున అయిపోతుంది. అది అయిపోయాక రాగం మొదలవుతుంది. మాటలుండవు, చివరి అక్షరం పట్టుకుని సాగదీయడమే. హార్మోనియం ఆ గొంతు వెనకాలే పరిగెత్తుతుంది. ఆ రాగం ఎప్పుడు ముగుస్తుందన్నది పాడేవాడి ఊపిరీ, కూర్చున్నవాళ్ళ ఓపికా తేల్చుకోవలసిన విషయం. తేలాక ఎవరో ఒకరు "వన్స్‌మోర్!" అని అరుస్తారు. మళ్ళీ మొదటికి వస్తుంది.

శ్యామసుందరి గుంటూరులో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేది. మెల్‌బోర్న్ వచ్చాక చైల్డ్‌కేర్‌లో ఉద్యోగం చేస్తోంది. పద్యం మీద ఆమెకు వేరే అభిప్రాయం ఉంది. పద్యం ఆగిన చోట అది వినేవాడి లోపల మొదలవుతుందని ఆమె నమ్మకం. చలపతి ఆ వ్యవధి ఇవ్వడు. పెళ్ళయిన కొత్తలో ఈ మాట చెప్పింది. "నువ్వు వినడం మొదలుపెట్టు, నేను పాడుతూనే ఉంటా, ఎవరి పని వాళ్ళది" అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పలేదు.

ఏటా ఉగాదికి తెలుగు సంఘం వేదిక మీద చలపతి ఒక పద్యం పాడేవాడు. సంఘానికి కల్చరల్ సెక్రటరీ గోపాలరావు. కొన్నేళ్ళ కిందట, ఉగాది ఇంకా దూరంగా ఉండగానే అతను ఇంటికి వచ్చి, పకోడీలు తిన్నాక గొంతు సవరించుకున్నాడు.

"చలపతిగారూ, ఈసారి పద్యం వద్దండీ. పిల్లల డాన్సులే హాల్ టైమంతా తినేస్తున్నాయి."

"ఒక్క పద్యమేగా గోపాలం."

"మీ ఒక్క పద్యం సంగతి నాకు తెలీదా అండీ? పోయినసారి కేటరింగ్ కుర్రాడు నా దగ్గరకొచ్చి, ఆయనేమన్నా ప్రొటెస్ట్ చేస్తున్నాడా, పోలీసులకి చెప్పాలా అన్నాడు."

"వాడికి తెలుగు రాదుగదయ్యా."

"తెలుగొచ్చినోళ్ళు కూడా అడిగారండీ." గోపాలరావు శ్యామసుందరి వైపు తిరిగాడు. "వదినగారూ, మీరన్నా చెప్పండి."

శ్యామసుందరి ఇంకాసిని పకోడీలు తెచ్చి పెట్టింది.

అలా చలపతికి పాడుకునే చోటు పోయింది. అతను ఆస్తులేమీ అడిగే మనిషి కాదు. అతనికి కావలసిందల్లా ఒక్కటే: నలుగురు కూర్చుంటే వాళ్ళ ముందు నిలబడి పాడటం. ఇక పెరట్లో బట్టలారేస్తూ పాడుకోవడం మొదలుపెట్టాడు. దుప్పట్ల రోజైతే రాగం ఇంకాస్త సాగేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన చైనా ఆవిడ, చేతిలో ఒక సంచి నిండా కమలాపళ్ళతో నిలబడి ఉంది. యూనివర్సిటీలో చదువుతున్న కూతురు చైత్ర కిటికీలోంచి చూసి, "నాయిస్ కంప్లైంట్. ఐ టోల్డ్ యూ, నాన్నా" అంది.

ఆవిడ పేరు షెన్. చెంగ్డూలో సంగీతం టీచరుగా రిటైరై కొడుకు దగ్గరికి వచ్చింది. ఆవిడతో మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు తక్కువ కాబట్టి అనవసరమైనది ఏదీ అనేది కాదు.

"పొద్దున పాడింది మీరా?"

"సారీ అండీ, ఇకనుంచి కిటికీలు మూసి..."

"సారీ ఎందుకు? నాకొక మగ గొంతు కావాలి."

శనివారం ఉదయాలు కమ్యూనిటీ సెంటర్‌లో ఆవిడ ఒక చిన్న పాటల బృందాన్ని నడుపుతోంది. అందరూ చైనావాళ్ళే, ఎక్కువమంది రిటైరైనవాళ్ళు. ఉన్న ఒక్క మంచి మగ గొంతూ ఒక నర్సుది. అతనికి డార్విన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. సెప్టెంబరులో బృందం కచేరీ ఉంది.

"నాకు చైనా భాష రాదండీ."

"నేర్పుతాను."

"మీ గీతల మీద రాసే నోట్సు చదవడం రాదు."

"చెవులున్నాయి కదా."

"కచేరీకి జనం వస్తారా?"

"వస్తారు. కుర్చీలు వేస్తాం."

చలపతి ఆ సాయంత్రమే గొంతుకు మిరియాల కషాయం పెట్టించుకున్నాడు. ఆవిణ్ణి షెన్‌గారూ అని పిలిచేవాడు. కొన్నాళ్ళకు ఆవిడ శ్యామసుందరికి ఫోన్ చేసినప్పుడు, "నేను, షెన్‌గారూ" అనడం మొదలుపెట్టింది. ఎవరూ దిద్దలేదు.

మొదటి శనివారం శ్యామసుందరి కూడా వెళ్ళింది, ఆయన అక్కడ ఏం చేస్తాడో అన్న దిగులుతో. వీటిని ఆర్ట్ సాంగ్స్ అంటారని షెన్ చెప్పింది. సినిమా పాటలు కావు, నాటకం పాటలు కావు, పొలం పాటలు కావు. వందేళ్ళ కిందట కొంతమంది చైనా కుర్రవాళ్ళు చదువుకోవడానికి యూరప్ వెళ్ళి, అక్కడ పియానో పక్కన నిలబడి పద్యం పాడే పద్ధతి చూసి, ఇంటికొచ్చి తమ పద్యాలకు అలాంటి బాణీలు కట్టారు. ఒక పద్యం, ఒక గొంతు, ఒక పియానో. అంతే సరంజామా.

"పియానో వెనకాల వస్తుందన్నమాట" అన్నాడు చలపతి.

"రాదు. పక్కన నడుస్తుంది. పద్యం చెప్పనిది అది చెబుతుంది."

చలపతి తలూపాడు. అతను తలూపడానికీ ఒప్పుకోవడానికీ సంబంధం లేదని షెన్‌కు అప్పటికి తెలియదు.

అతనికి ఇచ్చిన పాటకు బాణీ కట్టింది షెన్‌కు చెంగ్డూలో సంగీతం నేర్పిన పంతులమ్మ. అది ఎక్కడా అచ్చు కాలేదు, ఎవరూ రికార్డు చేయలేదు. ఆవిడ చేతిరాత జిరాక్సు ఒక్కటే షెన్ దగ్గర ఉంది. పద్యం పాతది, ఎవరిదో తెలియదు. నాలుగు పాదాలు. షెన్ తనకొచ్చిన ఇంగ్లీషులో అర్థం చెప్పింది. వాన వెలిసింది. ఎరువు తెచ్చుకున్న గొడుగు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఆ ఇంటివాళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోయారు. గొడుగును గుమ్మానికి ఆనించాను.

"అంతేనా?" అన్నాడు చలపతి.

"అంతే" అని షెన్ పియానో వాయించింది. కుడిచేతి వేళ్ళతో పైనెక్కడో ఒక స్వరం, ఆగి ఇంకొకటి, ఆగి, కాస్త కిందగా ఇంకొకటి. గుమ్మానికి ఆనించిన గొడుగు మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ సంగతి పద్యంలో లేదు. శ్యామసుందరికి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కమ్యూనిటీ సెంటర్‌లో హీటర్ పనిచేయకపోవడం కూడా ఒక కారణం.

చలపతి కష్టపడ్డాడు. అది ఒప్పుకోవాలి. మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుని, వాటి నెత్తిన పైకీ కిందకీ బాణాలు వేసుకున్నాడు. ఆ భాషలో ప్రతి మాటకూ దానిదైన ఎత్తుపల్లం ఉంటుందని, బాణీ దాన్నిబట్టే నడుస్తుందని, మధ్యలో గమకం వేస్తే ఆ మాట చెడిపోతుందని షెన్ చెప్పింది. అతను చేపకు ముళ్ళు తీసినట్టు ఒక్కొక్క గమకమే తీసేశాడు. స్వరాలు వింటుంటే మోహన రాగంలా ఉందని కనిపెట్టి, "ఇది మన మోహనే కదండీ!" అని బృందంలో అందరికీ చెప్పాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. నెలలు తిరిగేసరికి పద్యం నాలుగు పాదాలూ చక్కగా, ఎక్కడా అదనం లేకుండా పాడటం వచ్చింది.

తర్వాత పియానో మొదలయ్యేది. నీటి బొట్టు పడేది. రెండోది పడేది. మూడోది పడేలోగా చలపతి గొంతులోంచి రాగం లేచేది.

షెన్ పియానో మీంచి చేతులు తీసింది. "అదేమిటి?"

"రాగం అండీ."

"ఎవరు రాశారు?"

"ఎవరూ రాయరు. వస్తుంది."

"ఇక్కడ రాకూడదు. ఇప్పుడు గొడుగు మాట్లాడుతోంది."

"గొడుగు మాట్లాడుతుంటే నేనేం చెయ్యను?"

"వినాలి."

"జనం నన్ను చూస్తుంటారు కదండీ. ఊరికే నిలబడితే ఏం బాగుంటుంది?"

"చూడనివ్వండి."

మళ్ళీ వాయించింది. మళ్ళీ వచ్చింది. అతను కావాలని చేయడం లేదని శ్యామసుందరికి తెలుసు. చిన్నప్పటి నుంచీ పద్యం అయిపోవడం అంటే అతనికి దారి తెరుచుకోవడం. ముఖంలో నిజమైన ఆశ్చర్యం ఉంది, తుమ్మినవాడికి ఉన్నట్టు.

కారులో తిరిగి వస్తూ, "హార్మోనియం మన వెనకాల రావాలిగానీ మనం దాని కోసం ఆగటమేంటి శ్యామా? కండక్టర్ కోసం డ్రైవర్ ఆగినట్టు" అన్నాడు.

"ఆగుతాడుగా అండీ డ్రైవరు."

"ఈ దేశంలో కండక్టర్లే లేరు."

ఆగస్టులో షెన్ ఖరాకండిగా చెప్పేసింది. "చివర ఊరుకుంటే మీరు పాడతారు. ఊరుకోలేకపోతే కచేరీలో ఈ పాట ఉండదు." కోపంగా అనలేదు. పాలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. చలపతి ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. తర్వాత లేచి తిన్నాడు.

షెన్ చివరి పియానో ముక్కను ఫోన్‌లో రికార్డు చేసి పంపింది. దాంతో ఇంట్లో సాధన మొదలైంది. మొదట చలపతి నోటినిండా నీళ్ళు పోసుకున్నాడు. రెండో బొట్టు దగ్గర మింగేసి రాగం అందుకున్నాడు. నోట్లో ఏలక్కాయ పెట్టుకున్నాడు. రాగానికి ఏలకుల వాసన వచ్చింది. శ్యామసుందరి పక్కన నిలబడి కాలు తొక్కింది. ఆ బాధ కూడా మోహనలోనే పలికింది.

"నాన్నా, జస్ట్ డూ నథింగ్" అంది చైత్ర.

"నథింగ్ ఎట్లా చేస్తారే? చేసి చూపించు."

చైత్ర సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టింది.

"ఇదా? స్టేజి మీద ఫోన్ చూసుకోమంటావా?"

"హానెస్ట్‌లీ? వుడ్ బి బెటర్."

చివరికి శ్యామసుందరి తన పాత ఉద్యోగంలోని ఒక పద్ధతి బయటికి తీసింది. కాలేజీలో పద్యం గడగడా అప్పజెప్పి, అర్థం తెలియకుండా తప్పించుకునే పిల్లలను ఆమె ప్రశ్నలతో పట్టుకునేది. చలపతి పాట పాడి, రాగం తీసి, తప్పు తెలిసి నాలుక కరుచుకున్నాక ఆమె అడిగింది.

"రెండో బొట్టు ఎక్కడ పడిందండీ? రాతి మీదా, నీళ్ళలోనా?"

"అదెక్కడుంది పద్యంలో?"

"పద్యంలో లేదు. పియానోలో ఉంది. చెప్పండి."

చలపతికి తెలియలేదు. అన్ని నెలలూ ఆ ముక్క అతను విననే లేదు. అతనికి పరీక్ష తప్పడం ఇష్టం లేదు. మళ్ళీ పెట్టమని, చెవి ఒగ్గి విన్నాడు. "నీళ్ళలో" అన్నాడు. "మరి మూడోది?" అంది. మూడోది వినాలంటే ఊరుకోవాలి. ఊరుకున్నాడు. అలా రోజుకొక బొట్టు ముందుకు జరిగారు. వంటింట్లో కూర తరుగుతూ ఆమె, గుమ్మంలో నిలబడి ఆయన, ఎవరిదో తెలియని ఒక గొడుగు గురించి చాలా రోజులు మాట్లాడుకున్నారు. పెళ్ళయ్యాక ఇద్దరూ ఒకే పద్యం గురించి అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

సెప్టెంబరు కచేరీకి నిజంగానే కుర్చీలు వేశారు. గోపాలరావు కూడా వచ్చాడు, ఆదివారం వేరే పనేమీ లేక. చలపతి పెళ్ళిళ్ళకు కట్టుకునే పట్టు పంచె కట్టుకుంటానంటే షెన్ అభ్యంతరం చెప్పలేదు. శ్యామసుందరి రెండో వరసలో కూర్చుని ఆయన గొంతు ముడి మీదే చూపు పెట్టింది.

పద్యం పాడాడు. వాన వెలిసింది, గొడుగు పట్టుకుని వెళ్ళాడు, ఇల్లు ఖాళీగా ఉంది, గొడుగు ఆనించాడు. పియానో మొదలైంది. మొదటి బొట్టు. రెండోది. చలపతి ఛాతీ పైకి లేచింది. నోరు తెరుచుకుంది. శ్యామసుందరి తనకు తెలియకుండానే పక్కనున్న గోపాలరావు కాలు తొక్కింది. చలపతి నోరు అలాగే తెరిచి ఉంచి, తల కొంచెం పక్కకు వంచాడు, దూరంగా ఎవరో పిలిస్తే అది తననేనా అని చూసేవాడిలా. మూడో బొట్టు పడింది. వినేవాడి ముఖం అలా ఉంటుందని, అది ఆ మనిషికి కూడా ఉందని ఆమె అప్పుడే చూసింది. బొట్లు దూరం దూరం అయ్యాయి. చివరిది పడింది. షెన్ చేతులు తీసింది. చలపతి నమస్కారం పెట్టాడు.

చప్పట్లు కొడుతుంటే గోపాలరావు లేచి నిలబడి, "వన్స్‌మోర్!" అని అరిచాడు. ఎగతాళికి కాదు. అతనిది కూడా గుంటూరు జిల్లాయే, నోటికి అదే వచ్చింది. చైనావాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. చలపతి కళ్ళు మెరిశాయి. పంచె సర్దుకుని, షెన్ వైపు తిరిగి, కానివ్వండన్నట్టు చెయ్యి ఊపాడు. షెన్ పియానో మూత మూసేసింది.

తిరుగు దారిలో చలపతి తన మౌనం గురించి ఇల్లు చేరేదాకా మాట్లాడాడు. "చూశావా ఎంతసేపు ఊరుకున్నానో? నోరు తెరిచి కూడా ఊరుకున్నా. మా నాన్న వల్ల కూడా కాదది." తర్వాత ఆఫీసులో చెప్పాడు, రైల్లో చెప్పాడు, తెనాలికి ఫోన్ చేసి చెప్పాడు. ఒక పాటలో ఎలా ఏమీ పాడకుండా నిలబడ్డాడో పాడినదానికన్నా ఎక్కువసేపు వర్ణించేవాడు. చైత్ర స్నేహితులు ఇంటికొస్తే, వాళ్ళకు ఇంగ్లీషులో వర్ణించేవాడు.

ఉగాదికి గోపాలరావు మళ్ళీ వచ్చాడు. "చలపతిగారూ, ఆ చైనా పాట మన ఫంక్షన్లో వేయండి. చిన్నదిగా ముచ్చటగా ఉంది."

"చిన్నదని పాడేది కాదు గోపాలం అది."

"మరి?"

"ఇంటికెళ్ళాక కూడా కారుతుంది."

గోపాలరావుకు అర్థం కాలేదు. హాల్లో పియానో లేదు, కీబోర్డు మీద వాయించడానికి షెన్ ఒప్పుకోలేదు, అందుకని ఆ మాట అక్కడితో ఆగింది.

మనిషి మారాడా అంటే మారలేదు. పెరట్లో బట్టలారేస్తూ పద్యాలు పాడుతూనే ఉన్నాడు, రాగాలూ సాగుతూనే ఉన్నాయి. కానీ పద్యం ముగిశాక, రాగం మొదలయ్యేలోపు ఒక చిన్న ఖాళీ వచ్చి చేరింది. దుప్పటికి క్లిప్పు పెట్టేంతసేపు. శ్యామసుందరి వంటింట్లో చేస్తున్న పని ఆపి, ఆ ఖాళీలో పద్యం వినేది. తర్వాత కుక్కరు పెట్టుకునేది.

మే నెలలో మళ్ళీ శనివారం సాధనలు మొదలయ్యాయి. ఈసారి కూడా గొడుగు పాటే కావాలని చలపతి పట్టుబట్టాడు. సరేనంది షెన్. జూన్‌లో మంచు పేరుకుంటుందన్న ఆ రాత్రి వచ్చింది.

సంస్మరణ సభ సంఘం హాల్లోనే పెట్టారు. నిర్వహణ గోపాలరావు. చలపతిగారి గురించి క్లుప్తంగా నాలుగు మాటలు అని మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ మైకు వదలడానికి ఇష్టపడలేదు. అందరి దగ్గరా ఆయన చెప్పిన ఏదో ఒక కబురు ఉంది, ఆయన చెప్పినంత పొడుగునా చెప్పాలని వాళ్ళకు ఉంది. చైత్ర మైకు ముందుకు వచ్చి, "నాన్న వుడ్ హావ్ గాన్ ఓవర్‌టైమ్ టూ" అని ఆగిపోయింది. తర్వాత, చాలా నెమ్మదిగా, తెలుగులో, "షెన్ ఆంటీ వాయిస్తారు" అంది.

ఆ రోజు కోసం ఎక్కడినుంచో ఒక మామూలు పియానో అద్దెకు తెప్పించారు. షెన్ తెల్ల చొక్కా వేసుకుని వచ్చింది. గొంతు పాడవలసిన నాలుగు పాదాలనూ కుడిచేత్తో వాయించింది. తర్వాత బొట్లు పడటం మొదలైంది. శ్యామసుందరి ఒక్కొక్కటే గుర్తుపట్టింది. రాతి మీద, నీళ్ళలో, నీళ్ళలో, మళ్ళీ రాతి మీద. బొట్లు దూరం దూరం అయ్యాయి. చలపతి నమస్కారం పెట్టిన చోటుకు వచ్చింది. గోపాలరావు లేచి, వందన సమర్పణకు మైకు అందుకున్నాడు.

షెన్ చేతులు తీయలేదు.

కొంచెం నిశ్శబ్దం తర్వాత ఎడమచెయ్యి మళ్ళీ కదిలింది. బొట్లు కావు. కిందుగా, మెత్తగా, ఒకటే వరసలో వచ్చిపోయే స్వరాలు. శ్యామసుందరికి అది తెలిసిన నడకలా అనిపించింది. పద్యం అయిపోయాక హార్మోనియం పట్టుకునే శ్రుతిలా ఉంది. పైన ఏదో రావాలి. ఆమె ఎదురుచూసింది. పైన ఏమీ రాలేదు. షెన్ కుడిచెయ్యి మాత్రం ఒళ్ళోకి చేరి అలాగే ఉంది. మైకు పట్టుకుని నిలబడిన గోపాలరావు, కూర్చోవాలో మాట్లాడాలో తెలియక, ఆ సంగీతమంతా నిలబడే విన్నాడు. అది కాసేపు అలా నడిచి, నెమ్మదించి, ఆగింది.

భోజనాల దగ్గర శ్యామసుందరి షెన్ పక్కన కూర్చుంది.

"ఆ చివరిది కొత్తగా కలిపారా?"

"లేదు. పాట మొదటి నుంచీ అంతే."

"మరి ఆయన పాడినప్పుడు..."

"ముందే ఆపేశాను. ఫోన్‌లో పంపినది కూడా అక్కడివరకే."

"ఆయనకు తెలుసా?"

షెన్ తల అడ్డంగా ఊపింది. "చెబితే ఆగేవాడు కాదు. తర్వాత ఏమీ లేదనుకునే ఆగడం నేర్చుకోవాలి. ఈ సెప్టెంబరులో ఇద్దామనుకున్నాను."

వడ్డించే కుర్రాడు పులిహోర తెచ్చాడు. ఇద్దరూ వేయించుకున్నారు. శ్యామసుందరి అతను పక్క బల్లకు వెళ్ళేదాకా ఆగింది.

"మీ కుడిచెయ్యి ఎందుకు ఊరుకుంది అక్కడ?"

"అది నా భాగం కాదు. గొంతుది."

"పద్యం అయిపోయింది కదా. ఇంక మాటలెక్కడివి?"

"మాటలు లేవు" అంది షెన్. "ఆ అని పాడాలి. మా టీచరు అక్కడ స్వరాలు కూడా రాయలేదు. పాడేవాడి ఇష్టం, ఊపిరి ఉన్నంతసేపు అని రాసింది."